వారం వంటల ప్లాన్ మా ఇంట్లో ఎలా నిలబడిందంటే

మా ఇంట్లో ఐదుగురం. నేను, మా ఆయన, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. ఉండేది హైదరాబాద్‌లో, నాచారంలో. నేనూ ఆయనా ఇద్దరం ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళమే. నా పుట్టిల్లు గుంటూరు వైపు, అత్తగారిది సిద్దిపేట దగ్గర పల్లె. ఈ సంగతులన్నీ ముందే చెప్పడం ఎందుకంటే, ఏ వారానికి ఏం వండాలో ముందే అనుకుని దాని ప్రకారం నడవడం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. మాకు కుదిరింది మీకు కుదరకపోవచ్చు. ఆఫీసులో మాత్రం ఈ మాట ఎత్తితే చాలు, "మేమూ మొదలుపెట్టాం, వారం కూడా నడవలేదు" అనేవాళ్ళే ఎక్కువ.

నాకు వంట చేయడం కష్టం కాదు, ఏం వండాలో తేల్చుకోవడమే కష్టం. సాయంత్రం తార్నాక, హబ్సిగూడ ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకముందే "అమ్మా, రాత్రికి ఏంటి?" అని లోపలి నుంచి వినపడుతుంది. ఫ్రిజ్ తలుపు తీసుకుని నిలబడతాను. అడుగు డబ్బాలో నల్లబడ్డ కొత్తిమీర, జిగురొచ్చిన బెండకాయలు, ఎప్పుడు కొన్నానో గుర్తులేని సగం క్యాబేజీ. వండటానికి అరగంట పడితే, ఆలోచించడానికి ఇంకో అరగంట. ఆ టెన్షన్‌లో చివరికి తేలేది ఆలుగడ్డ వేపుడో, గుడ్డు అట్టో. అదీ కాకపోతే ఫోన్‌లో ఆర్డర్.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. తెల్లకాగితం మీద ఏడు రోజులకీ మూడేసి గళ్ళు గీసి, ప్రతి గడిలో వంటకం పేరు రాశాను. సోమవారం పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నానికి దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, రాత్రికి చపాతీ, ఆలు కుర్మా. హాస్టల్ మెనూలా భలే ముచ్చటగా ఉంది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "గిట్ల రాస్తే మంచిగనే ఉంటది. మరి అంగట్ల మంచి వంకాయలు రాకుంటే ఏం జేస్తవ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ వారం వంకాయలన్నీ పుచ్చులే వచ్చాయి. మధ్యలో ఆడపడుచు వాళ్ళు చెప్పకుండా వచ్చారు. ఇంకో రోజు ఆయన ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని బిర్యానీ తినొచ్చి రాత్రికి మజ్జిగ చాలన్నారు. నల్లా రాని రోజున గిన్నెలు ఎక్కువ పడే కూర పడింది. ఒక్క గడి తప్పితే దాని కోసం కొన్నవి మిగిలిపోతాయి, మిగిలినవి వాడాలంటే మర్నాటి గడి మార్చాలి, అది మారిస్తే ఆ పై రోజుది. గురువారానికల్లా కాగితం ఎక్కడుందో కూడా ఎవరికీ పట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఏమీ రాయకుండా, అత్తయ్య ఏం చేస్తున్నారో చూస్తూ ఉన్నాను. నేను ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో మధ్యాహ్నం వంట ఆవిడదే. ఎక్కడా రాసుకోరు, ఎవరినీ అడగరు, అయినా ఏ రోజూ తడుముకోరు. గమనిస్తే తెలిసింది, ఆవిడ వారం ఎప్పుడో కుదిరిపోయి ఉంది. శనివారం వెంకటేశ్వరస్వామి పేరున ఒంటిపూట, రాత్రికి ఉప్మానో అటుకులో. ఆదివారం నీచు. ఆదివారం బరువుగా తిన్నాం కాబట్టి సోమవారం చారు, ఏదో ఒక వేపుడు. గురువారం నీచు ముట్టరు. బుధవారం సాయంత్రం మా కాలనీ దగ్గర అంగడి కాబట్టి గురువారం తప్పకుండా ఆకుకూర. ఆవిడ వంటకం పేరుతో అనుకోవడం లేదు. ఏ రోజు ఏ రకం అన్నది ఖాయం, పేరు మాత్రం అంగడి బట్టి.

నేను ఆ పద్ధతినే కాగితం మీదికి ఎక్కించాను. గురు, శుక్రవారాలు ఆకు. శనివారం కాయ, అంటే బెండ, బీన్స్, వంకాయ లాంటివి. ఆదివారం నీచు. సోమవారం సొర, బీర, దొండ. మంగళవారం దుంప. బుధవారం మధ్యాహ్నానికి మిగిలినవన్నీ కలిపి ఒకటే పులుసు. ఈ వరుస వెనక పెద్ద శాస్త్రమేం లేదు. ఏది ముందు పాడవుతుందో అది ముందు వండేస్తాం. ఆకుకూర రెండో రోజు దాటితే దాని కళ పోతుంది. బెండకాయ మూడు రోజులు ఆగుతుంది. దొండ, బీర ఐదు రోజుల దాకా ఫరవాలేదు. కంద, చామ, ఆలుగడ్డ వారం దాటినా ఏమీ కావు. ఇది కుదిరాక ఫ్రిజ్ అడుగు డబ్బాలో కుళ్ళేవి లేకుండా పోయాయి. నాకు వంట సులువైన దానికంటే ముందు తెలిసిన తేడా అదే.

బుధవారం పులుసు గురించి కొంచెం చెప్పాలి. మా అమ్మ దప్పళం పెట్టేది. ఆఖర్న మిగిలిన సొరకాయ ముక్క, గుమ్మడి చెక్క, ఒక ములక్కాడ, రెండు చామదుంపలు, చిన్న ఉల్లిపాయలు అన్నీ పెద్ద ముక్కలుగా వేసి, పసుపు, ఉప్పు వేసి ఉడకనిచ్చి, చింతపండు పులుసు పోసి, బెల్లం ముక్క వేసి, దించే ముందు కాస్త బియ్యప్పిండి కలిపి పోపు పెట్టడమే. ముద్దపప్పు పక్కనుంటే ఇంకేం అక్కర్లేదు. మొదట్లో ఆయన "ఇది సాంబారా, పులుసా?" అని వంకలు పెట్టేవారు. ఇప్పుడు బుధవారం బాక్సులో అదే లేకపోతే అడుగుతున్నారు. ఆ పూటతో కూరగాయల బుట్ట ఖాళీ, సాయంత్రం అంగడికి ఖాళీ సంచులతో వెళ్తాం.

అంగడికి ఏడున్నర ప్రాంతంలో వెళ్తాను. ముందే వెళ్తే అన్నీ నిగనిగలాడుతుంటాయి కానీ ధర దిగదు. మరీ ఆలస్యమైతే కుప్ప ధరకి ఇస్తారు కానీ ఆకుకూరలు చేతులు మారి మారి నలిగిపోయి ఉంటాయి. మా చెల్లెలు సరూర్‌నగర్‌లో ఉంటుంది. రైతు బజార్‌లో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరం లేకుండా వారానికి రెండుసార్లు తెచ్చుకుంటుంది. రెండుసార్లు తెచ్చుకోగలిగితే ఈ వరుస ఇంత కచ్చితంగా ఉండక్కర్లేదు. నాకు ఒక్కసారే వీలవుతుంది.

తెచ్చాక అరగంట పని ఉంటుంది. దాన్ని మర్నాటికి వదిలితే ప్లాన్ సగం పోయినట్టే. ఆకుకూరల వేళ్ళు కోసేసి, పండుటాకులు ఏరేసి, కడగకుండా పాత పంచె ముక్కలో చుట్టి పెడతాం. కడిగి పెడితే తడికి తెల్లారేసరికి మెత్తబడతాయి. పచ్చిమిరపకాయలకి తొడిమలు తీస్తే ఎక్కువ రోజులుంటాయి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ఒకే బుట్టలో వేయం, ఆలుగడ్డకి త్వరగా మొలకలొస్తాయి. ఈ పని పిల్లలది, టీవీ ముందు కూర్చుని చేస్తారు. గోంగూర ఏరడం మాత్రం అత్తయ్యే చేస్తారు. పుంటికూరని ఫ్రిజ్‌లో పెట్టడం ఆవిడకి అస్సలు నచ్చదు. "గురువారం పొద్దుగాల అండేదాన్ని రాత్రంత చల్లగ పెట్టి సంపుడెందుకు?" అంటారు. గోంగూర మటుకు బయటే, బుట్టలో.

ప్లాన్ రాసే చోటు కూడా మారింది. మొదట ఫ్రిజ్ మీద అంటించిన కాగితం, తర్వాత ఫోన్‌లో. ఫోన్‌లో రాస్తే నాకు తప్ప ఎవరికీ కనపడదు. ఇప్పుడు వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్‌లోనే రాస్తున్నాం. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ ఎలాగూ ఆ గళ్ళలోనే రాస్తాం. ఏకాదశి, సంకష్టహర చతుర్థి, అమావాస్య అందులోనే ఉంటాయి కాబట్టి ఏ రోజు ఎవరు తినరో విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పెన్సిల్‌తో 'ఆకు', 'కాయ', 'దుంప' అని ఒక్క మాట. బుధవారం రాత్రి అంగడి నుంచి వచ్చాక దాని కింద పేరు రాస్తాం: పాలకూర, చిక్కుడు, కంద. పేరు పక్కన వండేవాళ్ళ మొదటి అక్షరం కూడా ఉంటుంది. ఆ అక్షరం లేనప్పుడు ప్లాన్ ఎంత బాగున్నా వంట నా మెడకే చుట్టుకునేది. ఇప్పుడు ఆదివారం కోడికూర, మంగళవారం రాత్రి చపాతీలు మా ఆయనవి. చపాతీలు ఇంకా గుండ్రంగా రావు. మాకేం పట్టింపు లేదు.

మధ్యాహ్నం కూరని నిజానికి తేల్చేది పిల్లల బాక్సు. బస్సు ఏడుంబావుకే వస్తుంది. పప్పు, పులుసు బాక్సులో పెడితే బ్యాగులో కారి పుస్తకాలకి అంటుకుంటుంది, ఒకసారి సోషల్ నోట్సంతా తోటకూర పప్పు వాసనే. కాబట్టి బాక్సులోకి ఆ రోజు రకంలోనే పొడిగా ఉండేది చేస్తాం. ఆకు రోజైతే మెంతికూర అన్నం, పాలకూర చపాతీ. కాయ రోజైతే బెండకాయ వేపుడు. దుంప రోజు ఎవరికీ బాధ లేదు. సొరకాయ సోమవారాలే గొడవ. అప్పుడు సొరకాయ పెద్దలకి, పిల్లలకి నిమ్మకాయ పులిహోర. ఒక్కో గడిలో అందరూ ఒకటే తినాలన్న పట్టుదల వదిలేశాక ఇంట్లో అరుపులు తగ్గాయి.

పొద్దున టిఫిన్‌కి ఒక్క పద్ధతి బాగా పనికొచ్చింది. శనివారం మినప్పప్పు ఒకేసారి నానబోసి, రుబ్బి, రెండు భాగాలు చేస్తాను. ఒక భాగంలో ఇడ్లీ రవ్వ కలుపుతాను, గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. ఇంకో భాగంలో మెంతులు వేసి నానబెట్టిన బియ్యం రుబ్బి కలుపుతాను, గ్లాసుకి మూడు. ఆది, సోమ ఇడ్లీ. మంగళ, బుధ దోశ. ఆఖర్న పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి దిబ్బరొట్టెలా మందంగా కాలుస్తాను. మే నెలలో రుబ్బిన పిండి రాత్రంతా బయట వదిలితే తెల్లారేసరికి గిన్నె దాటి గట్టంతా పొంగి ఉంటుంది, రెండు మూడు గంటలు చూసి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. డిసెంబరులో అదే పిండి పొద్దెక్కినా కదలదు. అందుకని చలికాలం ఆదివారం పెసరట్టు, దానికి పులియాల్సిన పనిలేదు.

మా దారిలో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై తర్వాత హైదరాబాద్‌కి వచ్చిన సంస్థ. ఏళ్ళ తరబడి బస్సులో దాని ముందు నుంచే పోతున్నా, అది మన పళ్ళెం గురించి ఏం చెబుతుందో ఎప్పుడూ చూడలేదు. 2024లో వాళ్ళు ఆహార సూచనలు కొత్తగా ఇచ్చారని తెలిసి చదివాను. రోజుకి 2,000 కిలోక్యాలరీలు తీసుకునే మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలట. ఐదుగురికి వారానికి లెక్కేస్తే కూరగాయలే 14 కిలోలు. మేం తెచ్చేది అందులో సగం కూడా లేదు. అత్తయ్యకి చెబితే "మనమేమన్న బర్లమా బిడ్డా?" అని నవ్వారు. 14 కిలోలకి మేం ఇప్పటికీ చేరలేదు. కానీ మధ్యాహ్నం పెరుగులో కీరా, క్యారెట్ తురుము, రాత్రికి ఏదో ఒక పండు వచ్చి చేరాయి. నూనె వాడకం కూడా చూసుకుంటున్నాం. వేపుళ్ళు వారానికి మూడు దాటకుండా ఆపడం నాకు సాధ్యమైంది, అప్పడాలు ఆపడం ఎవరికీ సాధ్యం కాలేదు.

రాత్రి భోజనంలో పెద్ద మార్పు జొన్నరొట్టె. అత్తయ్యకి షుగర్. రాత్రి అన్నం తగ్గించమని డాక్టర్ చెప్పాక, వారంలో మూడు రాత్రులు రొట్టెకి పోయాయి. నాకు జొన్నరొట్టె చేయడం రాదు, మా వైపు అలవాటు తక్కువ. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే సాగుడు గుణం ఉండదు. అందుకే కాగుతున్న నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పెట్టేంత వేడికి రాగానే అరచేతి మడమతో గట్టిగా పిసకాలి. ఎంత పిసికితే అంచు అంత పగలకుండా వస్తుంది. తర్వాత పొడిపిండి చల్లిన పీట మీద ముద్ద పెట్టి, ఒక చేత్తో తడుతూ ఇంకో చేత్తో అంచు తిప్పుతూ పోతారు. ఆ చప్పుడు మా పక్క ఫ్లాట్ దాకా వినపడుతుంది. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్ళు అద్ది, ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఆరిపోతే బీటలు వారుతుంది. నేను తట్టినవి మొదట్లో పీట మీది నుంచి లేచేవే కావు. అత్తయ్య ఏమీ అనకుండా ఆ పిండినే మళ్ళీ ముద్దచేసి తట్టేవారు. ఇప్పుడు నావి చిన్నగా, మందంగా వస్తున్నాయి. వాటిలోకి ఆకు రోజైతే తోటకూర వెల్లుల్లి కారం, కాకపోతే పప్పుచారు.

2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటి ఇంకా పైకి పోయినప్పుడు ఈ రకాల పద్ధతి అసలు పనికొచ్చింది. వంటకాల పేర్లు రాసుకుని ఉంటే అప్పుడు సగం గళ్ళు కొట్టేయాల్సి వచ్చేది, మనం ప్రతిదానిలోనూ టమాటా వేస్తాం కదా. పులుపు కావాలి, అంతే అనుకుంటే దారులు చాలా ఉన్నాయి. పప్పులోకి గోంగూర, చుక్కకూర. చారులోకి చింతపండు, నిమ్మరసం. కూరలోకి చిలికిన పెరుగు. పచ్చడికి దోసకాయ. ఆ నెల రోజులు పిల్లలు టమాటా రైస్ అడిగినప్పుడు తప్ప లోటు తెలియలేదు.

ప్లాన్ పనిచేయని రోజులు లేవని కాదు. వాటి కోసం క్యాలెండర్ వెనకవైపు చిన్న జాబితా ఉంది, కూరగాయలు లేకుండా ఇరవై నిమిషాల్లో అయ్యేవి. అందులో మొదటిది ముద్దపప్పు, పచ్చిపులుసు. నానబెట్టిన చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర వేస్తే అయిపోయింది, పులుసుని మరిగించే పనే లేదు. పెళ్ళైన కొత్తలో నాకు ఇది నీళ్ళలా అనిపించేది, ఇప్పుడు ఎండాకాలం నేనే అడిగి చేయించుకుంటున్నాను. తర్వాత కోడిగుడ్డు పులుసు, కందిపొడి నెయ్యి వడియాలు. చుట్టాలు హఠాత్తుగా వచ్చినా, కరెంటు పోయి మిక్సీ తిరగకపోయినా ఈ జాబితా ఆదుకుంటుంది.

కొన్ని నెలలు మొత్తం వేరే లెక్క. శ్రావణంలో, కార్తీకంలో ఆదివారం గడి ఖాళీ అవుతుంది, కార్తీకంలో అత్తయ్య ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. అప్పుడు ఆదివారానికి పనసపొట్టు కూరో, గుత్తివంకాయో. ఆషాఢంలో ఆదివారాలు మావి కావు. ఒక వారం సికింద్రాబాద్ మహంకాళి బోనాలకి ఆయన పిన్ని ఇంట్లో, ఇంకో వారం లాల్ దర్వాజా వైపు స్నేహితుల ఇంట్లో మటన్ భోజనం. సోమవారం గడిలో అందరికీ చారన్నమే. సద్దుల బతుకమ్మకి చింతపండు, పెరుగు, నిమ్మ, కొబ్బరి, నువ్వుల సద్దులు చేస్తారు, మర్నాడు బాక్సుకి వెతుక్కోనక్కర్లేదు. రంజాన్ నెలలో ఆయన ఏదో ఒక సాయంత్రం హలీం డబ్బా పట్టుకొస్తారు, ఆ రాత్రి రొట్టెల పిండి డబ్బాలోనే ఉండిపోతుంది. ఇలాంటివి ప్లాన్ తప్పినట్టు లెక్కవేయడం మానేశాను. మేలో ఆవకాయ పెట్టే రోజు గడిలో 'వంట లేదు' అనే రాస్తాం. ముక్కలు తుడిచి, కారం కలిపి, జాడీకెత్తాక ఆ బేసిన్‌లోనే వేడన్నం కలిపి ముద్దలు పెడతాను, ఆ పూట ఎవరూ ఇంకో కూర అడగరు.

డబ్బు సంగతి కూడా చాలామంది అడుగుతారు. కూరగాయల ఖర్చు నిజానికి కొంచెం పెరిగింది, ఎక్కువ తెస్తున్నాం కాబట్టి. తగ్గింది బయటి ఆర్డర్లు. శుక్రవారం రాత్రి మాత్రం పిల్లలకి వదిలేశాం. ఆ గడిలో ఏం రాస్తే అది. ఒక వారం నూడుల్స్, ఒక వారం బయటి నుంచి దోశ, ఇంకో వారం వాళ్ళే చేసిన శాండ్‌విచ్. చిన్నది ఈమధ్య అక్కడ 'అమ్మమ్మ చేసే పులగం' అని రాసింది. అమ్మమ్మ గుంటూరులో ఉందని చెబితే వీడియో కాల్ చేయించి, కొలతలు అడిగి, నాతో చేయించింది.

ఇంకా తేలనిది సాయంత్రం చిరుతిండి. ఐదింటికి స్కూలు నుంచి వచ్చే పిల్లలకి ఆకలి, రాత్రి భోజనం ఎనిమిదిన్నరకి. ఉడకబెట్టిన పల్లీలు, శనగలు, మొక్కజొన్న అంటూ గడి ఒకటి గీద్దామని నేను, వద్దని పెద్దాడు. వీధి చివర బండి మీద మిర్చి బజ్జీ వేసే టైమూ అదే. అత్తయ్య ఈ విషయంలో వాడి పక్షం, డబ్బులిచ్చి పంపేది ఆవిడే. వానాకాలం అయ్యాక చూద్దామన్నారు.